నాలుగు సెకన్ల అవతల

పెళ్లయిన నూట ఆరో రోజు ఉదయం మా ఆయన మునీంద్ర దోసె తిప్పడం నేర్చుకున్నాడు. మొదటి దోసె పొయ్యి వెనక్కి పోయింది. రెండోది పెనానికే అంటుకుని ఉండిపోయింది. మూడోది గుండ్రంగా, అంచుల దగ్గర ఎర్రగా లేచి వచ్చింది. దాన్ని తినడానికి మనసొప్పక ఇద్దరం అట్లకాడ పట్టుకుని కాసేపు చూస్తూ నిలబడ్డాం.

అలాంటి సమయం చూసుకుని నేనెప్పుడూ ఒక ప్రశ్న అడుగుతుంటాను. ఆ రోజూ అడిగాను.

"మునీ, నేను నీకు మొట్టమొదట ఎప్పుడు నచ్చాను?"

"లైబ్రరీ మెట్ల మీద. నీ చెప్పు తెగింది. ఒంటికాలి మీద నిలబడి, పడిపోతానేమోనని భయపడకుండా నవ్వావు చూడు, అప్పుడు."

దోసె సంగతి మర్చిపోయి వంటగది క్యాలెండర్ వెనక ఆ జవాబు రాసిపెట్టుకున్నాను. అది ఏడోది. ఒకసారి వానలో బస్‌స్టాప్ అన్నాడు, ఒకసారి క్యాంటీన్‌లో నేను ఉప్మా వెనక్కి పంపిన రోజన్నాడు. ఒకే మనిషి నన్ను ఏడుసార్లు మొట్టమొదటిసారి ఇష్టపడ్డాడని మురిసిపోతూ ఆఫీసుకు బయలుదేరాను.

ఆఫీసంటే మా విశ్వవిద్యాలయంలోని రచనా కేంద్రం. భూగర్భశాస్త్ర విభాగం వెనక ఒక గది, ఆరు కుర్చీలు, ఒక ఫ్యాను. కిటికీలోంచి కొండమీది గాలిమరలు కనిపిస్తాయి. విద్యార్థులు తాము రాసింది తెచ్చి మా ముందు పైకి చదువుతారు. మేం కళ్లు మూసుకుని వింటాం. కలం వాళ్ల చేతిలోనే ఉంటుంది. చదువుతూ చదువుతూ వాళ్లు ఒకచోట ఆగిపోతారు. అక్కడ మేమూ ఆగుతాం. మాట దొరికేదాకా వాళ్లే వెతుక్కోవాలి. జాలిపడి ఎవరైనా మాట అందిస్తే ఆ రోజు గదిలో ఉన్నవాళ్లందరికీ టీ పెట్టాలి. అది మా డైరెక్టర్ ప్రొఫెసర్ ఉరుకుందమ్మ గారి శాసనం.

ఆ సోమవారం నేను వెళ్లేసరికి ఆవిడ ఒక కాగితంతో విసురుకుంటున్నారు.

"రా హైమా. మనకు ఆశయం ఉండాలంట."

"ఇన్నాళ్లూ లేదా మేడమ్?"

"ఉండె. రాసిపెట్టుకోల్యా. శుక్రవారం పాలకమండలి కూచుంటాది. నాలుగు వాక్యాల్లో ఆశయ ప్రకటన ఇయ్యల్లంట. రాతిపలక మీద చెక్కించి వాకిట్లో నిలబెడతారంట. నువ్వు రాయి."

"నేనా?"

"కొత్త పెండ్లికూతురివి. ఆశలు నీకే ఎక్కువ ఉంటాయి కదా."

విసురుకుంటున్న కాగితం నా చేతికిచ్చారు. రిజిస్ట్రార్ ఆఫీసు నమూనాగా పంపిన ప్రకటన అది. 'ప్రతి విద్యార్థీ తన ఆలోచనను తడబాటు లేకుండా, స్పష్టంగా, సకాలంలో వ్యక్తం చేయగలిగేలా తోడ్పడటమే మా ధ్యేయం.' దాన్ని రాసింది పట్టీ.

పట్టీ అంటే మునీంద్ర ల్యాబ్ తయారుచేసిన గొంతుపట్టీ. వేలెడు వెడల్పున్న నల్లటి గుడ్డ. గొంతుముడి కింద కట్టుకుంటారు. మాట పైకి రాకముందే గొంతు కండరాలు లోలోపల కదులుతాయి. ఆ కదలికను అది పసిగడుతుంది. మనం మాట దొరక్క ఆగితే, చెప్పబోతున్నదేమిటో అంచనా కట్టి చెవిలో మెల్లగా వినిపిస్తుంది, తెర మీద రాస్తుంది. అరవైమంది వాలంటీర్లు పదకొండు నెలలుగా కట్టుకుని తిరుగుతున్నారు. మొదటివాడు మునీంద్రే. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా పట్టుకండువా కింద పట్టీ ఉందని మా అక్కలు నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. జూన్‌లో తరగతులు మొదలవగానే తొమ్మిదివేలమంది విద్యార్థులకూ మా కేంద్రం చేతులమీదుగా పట్టీలు పంచాలని నిర్ణయం. ఆశయ ప్రకటన అందుకే అవసరమైంది.

"బాగానే ఉంది కదా మేడమ్?" అన్నాను. నా మొగుడి యంత్రం రాసింది కాబట్టి నాకు కొంచెం గర్వంగానే ఉంది.

"నున్నగుంది. పాలిష్ పట్టిన బండ మాదిరి. కాలు పెడితే నిలబడదు."

మధ్యాహ్నం దాకా ఆరు ప్రకటనలు రాసి కొట్టేశాను. అన్నీ దానిలాగే ఉన్నాయి. అసలు ఈ గదిలో మేం చేసేదేమిటో ఒకసారి వింటే తోస్తుందేమో అనుకున్నాను. మాతో కూర్చున్న ప్రతి విద్యార్థి చదువునూ వాళ్ల ఒప్పుదలతో రికార్డు చేసి ఉంచుతాం. వాటిలో నాకు బాగా ఇష్టమైనది తీశాను. రెండేళ్ల కిందటిది, మారెక్కది.

మారెక్క పరిశోధక విద్యార్థి. వాళ్లది కంబళ్లు నేసే ఇల్లు. ఆ వృత్తి మీదే థీసిస్ రాస్తోంది. రికార్డులో నా గొంతు అడుగుతోంది: "మీ అవ్వ మగ్గం ఎందుకు ఆపేసింది?"

తర్వాత నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు. దూరంగా ఎవరో స్కూటరు కిక్కు కొట్టారు. మారెక్క ఊపిరి వినపడింది. ఏదో అనబోయి మానుకుంది. గాజులు కదిలాయి. మళ్లీ ఫ్యాను. ఒక నిమిషం యాభైరెండు సెకన్లు. ఆ తర్వాత మారెక్క ఇలా అంది:

"ఆపలేదు మేడమ్. మగ్గం గుంత పూడ్చిపెట్టినాం. ఆ సంగతి మా అవ్వ కాళ్లకు ఎవురూ చెప్పల్యా. ఇప్పటికీ ఆడనే, గుంతలోకి కాళ్లు ఏలాడేసినట్లు చాపుకోనే కూచుంటాది."

రెండేళ్ల తర్వాత కూడా నా ఒళ్లు జలదరించింది. ఇదే మా పని అనుకున్నాను. దీన్ని నాలుగు వాక్యాల్లో పెట్టాలి.

అదృష్టం కొద్దీ మూడింటికి మారెక్కే వచ్చింది. ఆమె కూడా వాలంటీరే. మెడలో పట్టీ, చేతిలో థీసిస్ చివరి ప్రతి.

"ఏం మేడమ్, ముకం ఎలిగిపోతాంది? సార్ ఈ పొద్దు ఏం వండినాడు?"

"దోసె."

"అబ్బో! మాకూ ఒక పట్టీ సార్‌ను చూడండి మేడమ్."

నవ్వుకున్నాం. చదవడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎక్కడా ఆగకుండా పన్నెండు పేజీలు చదివింది. ఎక్కడా ఆగలేదన్న సంగతి నాకు చివర్లో తట్టింది. అవ్వ గురించిన వాక్యం మాత్రం నాకు వినపడలేదు.

"మారెక్కా, మీ అవ్వ మగ్గం ఎందుకు ఆపేసింది?"

కొద్దిగా తల పక్కకు వంచింది. అంతలోనే జవాబు వచ్చింది. "మిల్లు కంబళ్ల పోటీ వల్లా, ఉన్ని సరఫరా తగ్గిపోవడం వల్లా సంప్రదాయ నేత క్రమంగా కనుమరుగైంది మేడమ్."

నేను పాత రికార్డు వినిపించాను. పూర్తిగా, ఆ నిశ్శబ్దంతో సహా. మొదట నవ్వుతూ వింది. నిశ్శబ్దం సాగేకొద్దీ ఇబ్బందిగా కదిలింది. "పాడైందేమో మేడమ్, ముందుకు జరపండి" అంది. తర్వాత ఆ మాటలు వచ్చాయి.

"ఈ మాట ఎవురంది?"

"నువ్వే."

మారెక్క తన పన్నెండు పేజీల వైపు చూసింది. "ఇది మా అవ్వ" అంది, రికార్డరు మీద చెయ్యి వేసి. "నేను రాసిండేది మా అవ్వ కాదు. ఎవురి అవ్వో." పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. "మళ్లా అడగండి మేడమ్."

అడిగాను. మిల్లు కంబళ్ల పోటీ అంది. తల కొట్టుకుంది. మళ్లీ అడగమంది. ఈసారి ఆధునికీకరణ ప్రభావం అంది. పట్టీ బల్ల మీదే ఉంది, మాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. నాలుగోసారికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దన్నా వస్తాది మేడమ్. నేను లేచి తలుపు తీసేలోపలే ఎవురో వచ్చి కుర్చీలో కూచున్నట్లుంది."

ఆమె వెళ్లాక గడియారం పెట్టుకుని ఆ పూట రికార్డు మళ్లీ విన్నాను. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. ప్రతి జవాబూ నాలుగు సెకన్లలోపే. మిగతా వాలంటీర్లవి ఈ మధ్య రికార్డులు తీశాను. ప్రశ్న చిన్నదైనా, పెద్దదైనా నాలుగు సెకన్లు దాటినవాళ్లు ఒక్కరూ లేరు. మూడు కాదు, ఐదు కాదు, నాలుగే ఎందుకు?

ఎందుకో నాకు తెలుసని గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

మా పెళ్లి నిశ్చయమైన కొత్తలో మునీంద్ర ల్యాబ్ మా రికార్డులు అడిగింది. మనుషులు మాట కోసం ఎలా ఆగుతారో, ఆగి ఏం తెచ్చుకుంటారో ఆ రికార్డులు వినిపించి పట్టీకి నేర్పాలి. నాలుగేళ్లవి, పంతొమ్మిదివందల పైచిలుకు. అంత ఖాళీని మునీంద్ర కూర్చుని వింటాడా పాపం అనిపించింది. ఎవరూ చెప్పకుండానే, పదకొండు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి, నాలుగు సెకన్లు దాటిన ప్రతి నిశ్శబ్దాన్నీ నాలుగు సెకన్లకు కత్తిరించాను. బియ్యంలో రాళ్లు ఏరి ఇచ్చినట్టు. "శుభ్రం చేసి పెట్టాను" అని పంపాను. "నువ్వు దేవతవి" అని రాశాడు. ఫ్యాను చప్పుడు తీసేశాననుకున్నాడు.

ల్యాబ్‌కు పంపిన ప్రతుల్లో మారెక్కది వెతికి పెట్టాను. నా ప్రశ్న. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఆపలేదు మేడమ్." ఆ వాక్యం నిజంగా అంత తేలిగ్గా వచ్చినట్టే ఉంది. పట్టీకి నేను నేర్పింది అదే: మనిషికి ఏ మాటైనా నాలుగు సెకన్లలో దొరుకుతుంది. అది నాలుగో సెకనుకల్లా దగ్గర్లో ఉన్న మాటను తెచ్చి పెట్టింది. పదకొండు నెలలకు వాళ్ల బుర్రలకు కూడా అదే అలవాటైంది. దూరం వెళ్లి తెచ్చుకోవాల్సినవి అక్కడే ఉండిపోయాయి.

ఇంటికొచ్చేసరికి మునీంద్ర బాల్కనీలో బట్టలు మడతపెడుతున్నాడు. నా చీర మడత పెట్టడం ఇంకా రాదు. గడ్డానికి, మోకాళ్లకు ఒత్తిపెట్టుకుని యుద్ధం చేస్తున్నాడు. ఇంకో రోజైతే ఫోటో తీసేదాన్ని.

"మునీ, లైబ్రరీ మెట్ల దగ్గర నా చెప్పు తెగిందన్నావు కదా. నిజంగా జరిగిందా?"

"జరిగింది. నీలం చెప్పులు."

"నాకు నీలం చెప్పులు ఎప్పుడూ లేవు."

అతని చేతిలోంచి చీర కొంగు జారిపోయింది. "లేవా?"

"మనం కలిసిన ఏడాది ఆ మెట్లు రిపేరులో ఉన్నాయి. వెనక దారిన తిరిగేవాళ్లం."

నన్ను చూశాడు. అబద్ధం దొరికిపోయినవాడి మొహం కాదది. జేబులో ఉందనుకున్న తాళంచెవి కోసం తడుముకునే మొహం. "మరి ఆ రోజు... బస్‌స్టాప్. వాన పడుతోంది" అన్నాడు వెంటనే. నేను తల అడ్డంగా ఊపాను. "క్యాంటీన్" అన్నాడు. తర్వాత తనే ఆపేసి గోడకు ఆనుకున్నాడు.

అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. మారెక్క సంగతి, నాలుగు సెకన్లు, పదకొండు రోజులు.

"నీ తప్పేం లేదు హైమా. ప్రేమతో చేసిన పని ఏదీ తప్పు కాదు" అన్నాడు. ఎంత బాగుందో ఆ మాట! పెళ్లి పత్రిక మీద అచ్చు వేయించొచ్చు.

"అలా అనొద్దు."

"మరేమనను?"

"ఏమీ అనొద్దు. కాసేపు ఏమీ అనకుండా ఉండు."

ప్రయత్నించాడు. నాలుగు సెకన్లకు పెదవులు కదిలాయి. నేను వేలు అడ్డం పెట్టాను. ఆరు, ఏడు. నీళ్లలో ఊపిరి బిగబట్టినవాడిలా మెడ నరాలు తేలాయి. ఎనిమిదికి "కాఫీ పెట్టనా?" అనేశాడు. అని, తన నోరు ఎవరిదో అన్నట్టు తడిమి చూసుకున్నాడు.

తర్వాత లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చాడు. తెర మీద ఒక గీత. అరవైమంది జవాబు చెప్పడానికి తీసుకున్న సమయం. మొదటి నెలలో గీత కొండలూ లోయలుగా ఉంది. నెలలు గడిచేకొద్దీ చదునైంది. చివరికి నాలుగు దగ్గర గోడ అడ్డం వచ్చినట్టు ఆగిపోయింది.

"హైదరాబాద్ సదస్సులో ఈ గోడ చూపించే చప్పట్లు కొట్టించుకున్నాం. తడబాటు పూర్తిగా పోయిందన్నాం" అన్నాడు. "శుక్రవారం ఈ సంగతి బయటపెడితే ల్యాబ్ మూసేస్తారు. నా కాంట్రాక్టు జూన్ దాకానే."

"పెట్టకపోతే తొమ్మిదివేలమంది."

"చెప్దాం."

ఒక్క సెకను కూడా పట్టలేదు. నేను కోరుకున్న జవాబే. అయినా సంతోషించలేకపోయాను. అది మునీంద్ర తీసుకున్న నిర్ణయమో, చేతికందిన వాక్యమో నాకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. మడతపెట్టని చీర మా మధ్య అలాగే పడి ఉంది. మేమిద్దరం ఇన్నాళ్లూ మాట్లాడుకున్నవాటిలో ఎన్ని మాటలు మావి అని ఆలోచించకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

మర్నాడు పొద్దున ఉరుకుందమ్మ గారికి మారెక్క పాత రికార్డు, నేను కత్తిరించిన ప్రతి రెండూ వినిపించి, చేసిందంతా చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక కూడా తెరవలేదు. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. అరుస్తారేమో, ఉద్యోగం మానుకొమ్మంటారేమోనని చీర అంచు నలుపుతూ కూర్చున్నాను. ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టినకొద్దీ, అది చెక్కుచెదరకుండా ఉన్నందుకు ఆవిడను చూసి అసూయ కూడా కలిగింది.

"ఒక్క మాట అందించిన పాపానికి ఎంతమందితో టీ పెట్టించినా ఈ గదిలో!" అన్నారు చివరికి. "నువ్వు అరవైమందికి ఒకేసారి అందించినావు. పో, పాలు తెచ్చి పెట్టు."

టీ పెట్టాను. ఆవిడ గ్లాసు అందుకుని, "ఇప్పుడు రాయి ఆశయం" అన్నారు.

శుక్రవారం పాలకమండలి గదిలో పొడవాటి బల్ల, పదకొండుమంది సభ్యులు. జీడిపప్పు పళ్లేలు. ఉపకులపతి గారు నా చేతిలో కాగితం చూసి, "చదవమ్మా, రాయి కొట్టేవాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు" అన్నారు. మునీంద్ర గోడవారన కూర్చున్నాడు, మెడలో పట్టీ లేకుండా. అక్కడ కట్టుకున్నంత మేర చర్మం తెల్లగా ఉంది.

చదివాను.

"రాసేవాళ్లు ఆగినచోట మేమూ ఆగుతాం, ఎంతసేపైనా. మాట అందించం. ఒకసారి తెలియక అందించాం, అందువల్ల అరవైమంది తమ మాటల దగ్గరికి వెళ్లే దారి పోగొట్టుకున్నారు. వాళ్లు ఆ దారి వెతుక్కునేదాకా పక్కన కూర్చోవడమే ఇకపై మా పని."

జీడిపప్పు నములుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇదేం ప్రకటనమ్మా?" అన్నారు ఉపకులపతి. "పోలీసు స్టేషన్‌లో రాసిచ్చే కాగితంలా ఉంది."

రికార్డులు వినిపించాను. నేను చేసింది చెప్పాను. మునీంద్ర గీత చూపించాడు. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాణిజ్యశాస్త్రం ఆచార్యులొకరు, "నాలుగు సెకన్లు తక్కువేం కాదే! నా క్లాసులో పిల్లలు నాలుగు నిమిషాలైనా నోరు విప్పరు" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వు బల్ల చివరిదాకా వెళ్లి, సంగతంతా నవ్వులాటగా తేలిపోయేలా కనిపించింది.

"సరే, పొరపాటు జరిగింది" అన్నారు ఉపకులపతి. "సరిచేద్దాం. మునీంద్రా, ఆ కత్తిరించని రికార్డులతో పట్టీకి మళ్లీ నేర్పించి, ఈ అరవైమందిని మామూలుగా చెయ్యడానికి ఎంతకాలం పడుతుంది?"

"ఆరు వారాలు సార్."

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. జూన్‌కు సరిగ్గా ఆరు వారాలుంది. ఉపకులపతి కాగితం మీద అంకె వేసి కింద గీత గీశారు. అన్నీ నిలబడతాయి: ల్యాబ్, కాంట్రాక్టు, మా రెండు గదుల ఇల్లు. నాకు ఒక్క క్షణం నిజంగా సంతోషం కలిగింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మునీంద్ర లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ మాట నేను చెప్పలేదు."

"ఇప్పుడే కదయ్యా చెప్పావు!"

"నోటికొచ్చింది సార్. నేను వెతకలేదు."

"అయితే వెతికి చెప్పు."

మునీంద్ర బల్ల అంచు పట్టుకున్నాడు. నాలుగు సెకన్లకు, "సుమారు రెండు నెలల..." అని వచ్చింది. చేత్తో నోరు మూసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "దశలవారీగా..." మళ్లీ మూసుకున్నాడు. చెంపల మీద వేళ్లు దిగిపోయాయి. పదకొండుమంది పెద్దమనుషులు ఒక మనిషి తన నోటితో తానే పెనుగులాడటం చూస్తున్నారు. వాణిజ్యశాస్త్రం ఆచార్యులు తల దించుకున్నారు. ఉపకులపతి, "పర్లేదు, కూచో" అనబోతే ఉరుకుందమ్మ గారు చెయ్యెత్తి ఆపారు.

ఎంతసేపైందో నేను లెక్కపెట్టలేదు. మునీంద్ర చెయ్యి తీశాడు. నుదుటి మీద చెమట కారి కళ్లలోకి దిగుతోంది.

"తెలీదు సార్" అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇంకేదో చెప్పబోతున్నాడని అందరూ చూశారు. ఇంకేమీ లేదు. ఉపకులపతి తాను వేసిన అంకెను చాలాసేపు చూసి, కలం మూత పెట్టేశారు.

పట్టీల పంపకం ఆగిపోయింది. ల్యాబ్‌కు తాళం పడింది, విచారణ జరుగుతోంది. మునీంద్ర కాంట్రాక్టు పొడిగించలేదు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, ఉద్యోగం ప్రస్తుతానికి ఉంది. నా ప్రకటన రాతి మీద చెక్కడానికి పనికిరాదని తేల్చారు. విశ్వవిద్యాలయం వాకిట్లో తప్పు ఒప్పుకుంటూ రాయి నిలబెట్టడం మర్యాద కాదన్నారు. ఉరుకుందమ్మ గారు దాన్ని తెల్లకాగితం మీద రాయించి, అన్నం మెతుకులతో మా గది తలుపుకి అంటించారు. గాలికి ఒక మూల లేస్తుంది. రోజూ ఎవరో ఒకరు ఒత్తుతారు.

అరవైమందిలో నలభైరెండుమంది వస్తున్నారు. మిగతావాళ్లకు తమకేమీ కాలేదనిపిస్తోంది. వచ్చి మా ముందు కూర్చుని ఆగడం నేర్చుకుంటున్నారు. మారెక్కకు ఒక రోజు ఇరవై సెకన్లు వచ్చాయి. ఆ రోజు దొరికింది అవ్వ గురించిన మాట కాదు, వాళ్ల గొర్రె ఒకదాని పేరు. దానికే బల్ల ఎక్కి గంతులేసింది. కొందరికి ఇంకా ఏమీ రాలేదు. వస్తుందో రాదో మాకు తెలియదు. ఆ మాటే వాళ్లకు చెబుతాం.

నిన్న మధ్యాహ్నం మునీంద్ర కూడా వచ్చాడు. ఇంట్లో నాతో కూర్చోనన్నాడు. అందరిలాగే వాకిట్లో పుస్తకంలో పేరు రాసి, బెంచీ మీద తన వంతు వచ్చేదాకా ఆగాడు.

"ఏం సార్, మీరూ మా బ్యాచ్చేనా?" అంది మారెక్క.

"మీకంటే సీనియర్‌ని" అన్నాడు.

నా ఎదురు కుర్చీలో కూర్చుని జేబులోంచి కాగితం తీశాడు. అరవైమందికీ రాస్తున్న ఉత్తరం అది. మూడు రోజులుగా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాడు. కలం చేతిలో పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"నేను తయారుచేసిన పట్టీ వల్ల మీరు..." అని చదివి ఆగాడు.

ఫ్యాను తిరుగుతోంది. నాలుగు సెకన్లు. ఏదో వచ్చింది, గొంతులో చిన్న చప్పుడైంది. వద్దని వదిలేశాడు. ఇంకొకటి వచ్చింది. దాన్నీ వదిలేశాడు. తర్వాతి మాట కోసం ఆయన ఎక్కడ తడుముతున్నాడో నాకు తెలుసు. నూట ఇరవై రోజులుగా పక్కపక్కన పడుకుని లేస్తున్నాం. నా నాలుక చివర ఒక మాట వచ్చి నిలబడింది. మంచి మాట. అతికినట్టు సరిపోతుంది. అది విన్నాడంటే ఆ మొహంలో కనిపించే ఊరట కూడా నాకు ముందే కనిపిస్తోంది. పళ్లు బిగించాను.

బెంచీ మీద మారెక్క గుసగుసలు కూడా ఆగిపోయాయి. కాగితం మీద కలం కదిలిన చప్పుడు ఇంకా రాలేదు. ఆయన ఊపిరి మాత్రం ఇందాకటిలా పరుగెత్తడం లేదు, నెమ్మదిగా వినిపిస్తోంది. నేను కళ్లు తెరవలేదు.